చిట్టిప్రాణికి కడపటి సేవ: హామ్‌స్టరు కారుణ్యమరణ విచారము

యలహంక బెంగుళూరునకు ఉత్తరముగా, నందికొండకు పోవు దారిలో నున్న ప్రాచీనస్థలము. 1537లో బెంగుళూరు కోటను కట్టించిన కెంపేగౌడ యలహంకనాటి ప్రభువు. గంగాగౌరీవిలాసమను తెలుగు యక్షగానము ఆయన పేర ప్రసిద్ధమై యున్నది. ఆ ఊరితో తెలుగుభాషకు గల సంబంధము అంత పాతది. నేడు అక్కడి బహుళాంతస్తుల గృహములలో కాపురముండు తెలుగు కుటుంబములకు ఆవును కట్టుకొనుటకు తావు లేదు. కుక్కను పెంచుటయు అందఱికిని సాధ్యము కాదు. కావున పిల్లల ముచ్చట తీర్చుటకై అరచేతిలో ఇమిడెడు హామ్‌స్టరును తెచ్చుకొనువారు కలరు. ఆ ప్రాణి తీరని వ్యాధితో బాధపడునపుడు దానికి వేదన లేని మరణమును కల్పించుట ధర్మమగునా? అగునేని ఎప్పుడు, ఎవరి సలహాతో, ఏ విధమున? ఈ ప్రశ్నలే ప్రస్తుత వ్యాసమునకు విషయము.

హామ్‌స్టరు ఆయుఃప్రమాణము

మూషికజాతి తెలుగువానికి క్రొత్త గాదు. అది వినాయకుని వాహనము. మన పందికొక్కు పేరే ఆంగ్లమున బాండికూటుగా మాఱినది. హామ్‌స్టరు మాత్రము పరదేశపు ప్రాణి. బంగారువన్నె గల సిరియా హామ్‌స్టరును 1839లో వాటర్‌హౌస్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అలెప్పో నగరప్రాంతపు ప్రాణిగా వర్ణించెను. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అను జంతుశాస్త్రజ్ఞుడు అదే ప్రాంతమున పొలము త్రవ్వించి తల్లిని, పిల్లలను పట్టించి జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమునకు చేర్చెను. నేడు ప్రపంచమున ఇండ్లలో పెరుగుచున్న సిరియా హామ్‌స్టరులలో దాదాపు అన్నియు ఆ ఒక్క కుటుంబపు సంతతియే.

ఈ ప్రాణి ఆయువు ఇంచుమించు రెండేండ్లు. మనుష్యుని ఆయువును డెబ్బదిగా గణించినచో దాని ఒక దినము మన ముప్పదియైదు దినములతో, అనగా అయిదు వారములతో సమానము. సోమవారమున నొప్పితో ముడుచుకొనియున్న ప్రాణిని చూచి "ఆదివారము దాక చూతము" అని గృహస్థుడు వాయిదా వేసినచో, ఆ ఆఱు దినములు దాని ఆయువు లెక్కలో ఏడు మాసముల యాతన. ఈ లెక్కకు రెండవ ముఖము కూడ కలదు. చికిత్సచే ఒక మాసము సుఖముగా బ్రతుకగలిగినచో అది దానికి మూడేండ్లకు కొంచెము తక్కువైన జీవితము. కావున తొందరపాటును, తాత్సారమును రెండును ఇక్కడ పెద్దదోషములే.

సబర్మతి ఆశ్రమములోని దూడ

ఈ ధర్మసందేహము మన దేశమున బహిరంగముగా చర్చకు వచ్చినది 1928లో. అంతకు ముందటి యేడు గాంధీజీ అనారోగ్యముచే నందికొండపై విశ్రమించి, పిమ్మట బెంగుళూరులోని ప్రభుత్వ పాడిపరిశ్రమ సంస్థలో గోపోషణ పద్ధతులను పరిశీలించెను. మఱుసటి సంవత్సరము సబర్మతి ఆశ్రమమున ఒక దూడ తీవ్రవ్యాధికి లోనై, ప్రక్కకు ఒత్తిగిల్లుటకైనను శక్తి లేక బాధపడుచుండెను. వైద్యము ఫలింపలేదు. గాంధీజీ ఆశ్రమవాసులతో చర్చించి, తాను దగ్గర నుండి, వైద్యునిచే సూదిమందు ఇప్పించి దాని బాధను అంతమొందించెను. యంగ్ ఇండియా పత్రికలో ఆ విషయమును తానే ప్రకటించెను. గోవును తల్లిగా భావించు దేశమున దానిపై ఎంత అలజడి చెలరేగియుండునో ఊహింపవచ్చును. ఆగ్రహముతో నిండిన లేఖలు ఆయనకు అనేకము వచ్చెను.

ఆ వాదోపవాదముల నడుమ ఆయన ప్రాణహరణము అహింసతో పొసగుటకు నాలుగు నియమములను చెప్పెను. వ్యాధి తీరనిదై యుండవలెను. సంబంధించిన వారందఱును బ్రతుకుపై ఆశ విడిచియుండవలెను. ఏ సేవయు చేయుటకు వీలు లేని స్థితి కావలెను. రోగి తన కోరికను తెలుపలేనిదై యుండవలెను. వీనిలో ఒక్కటి లోపించినను ప్రాణము తీయుట సమ్మతము కాదు. పంటలను పాడుచేయు కోతుల విషయమును ఆయన ఆ సందర్భముననే వేఱుగా విచారించెను. అక్కడ చంపుట మనుష్యుని లాభమునకు. ఇక్కడ బాధపడు ప్రాణి మేలునకు. ఈ రెండింటిని కలుపరాదు. గృహస్థుడు ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనవలసినది ఇదియే: కోరుచున్నది దాని బాధానివృత్తియా, తన శ్రమనివృత్తియా?

నాలుగు నియమముల అన్వయము

మొదటిది వ్యాధి తీరనిదా యను ప్రశ్న. దీనికి ఉత్తరము పశువైద్యుడు చెప్పవలెను గాని ఇరుగుపొరుగు వారు కాదు. చూచుటకు ప్రాణాంతకముగా తోచు కొన్ని స్థితులు చికిత్సకు లొంగును. ముందుపండ్లు జీవితాంతము పెరుగు ప్రాణి గనుక, అవి హద్దు మీరినచో తినలేక కృశించును; వైద్యుడు వానిని సరిచేసినచో మరల తినును. చెక్కిలి సంచులలో ఆహారము చిక్కుకొనినపుడును అంతే. చలికిని ఆహారలోపమునకును లోనైన హామ్‌స్టరు ఒకప్పుడు జడనిద్రలో పడి చచ్చినదానివలె చల్లబడియుండును. బెంగుళూరు చలిలో ఇది అరుదైనను, మెల్లగా వెచ్చజేసి చూడక మునుపు మరణమని నిర్ణయింపరాదు. చిన్నవయస్సు హామ్‌స్టరులకు వచ్చు తీవ్రమైన అతిసారము ప్రమాదకరమే యైనను వెంటనే వైద్యుని చేర్చినచో కొన్ని బ్రతుకును. ముసలితనమున వచ్చు మూత్రపిండముల క్షయము, గుండెబలహీనత, వ్యాపించిన కంతులు మాత్రము సాధారణముగా మరలని దారి పట్టినవి. ఇంటిలో మిగిలిన మందు వేయుట కూడదు. మనుష్యులకు వాడు పెన్సిలిన్ వర్గపు మందులు హామ్‌స్టరు ప్రేగులలోని సూక్ష్మజీవుల సమతను చెఱిచి ప్రాణము తీయగలవు.

కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి శిలలపై చెక్కబడిన అశోకుని ధర్మలిపులలో మనుష్యులకు, పశువులకు ఉభయులకును చికిత్స ఏర్పఱచిన సంగతి కలదు. ముందు వైద్యము, పిమ్మటనే మరణవిచారము అను క్రమము మన నేలపై అంత పురాతనమైనది.

రెండవ నియమము అందఱును ఆశ విడుచుట. ఇంటిలో ఒకరి తొందరచే గాని, ఒకరి రహస్య నిర్ణయముచే గాని ఈ పని జరుగరాదు. మూడవది సేవకు అవకాశము లేకుండుట. నొప్పి తగ్గించు మందు, మెత్తని పడక, నోటికందు ఆహారము, నీరు: వీనిచే ప్రాణి సుఖించుచున్నంతకాలము సేవ ముగియలేదు.

నాలుగవది అన్నిటికంటె సూక్ష్మమైనది. హామ్‌స్టరు తన కోరికను మాటతో తెలుపదు. ఇతర ప్రాణులకు ఆహారమగు జంతువు గనుక నొప్పిని దాచుట దాని స్వభావము. కాబట్టి గుర్తులను చదువవలెను. అది రాత్రించరము; పగలు నిద్రించుట రోగము కాదు. రాత్రియు కదలకుండుట, వీపు గూనిగా ముడుచుకొనుట, కన్నులు సగము మూసియుండుట, వెండ్రుకలు చింపిరియగుట, గూడు అల్లుకొనుట మానుట, ఇష్టమైన గింజను ముట్టకుండుట, ఎగశ్వాస: ఇవి వేదనాచిహ్నములు. వంటయింటి చిన్నత్రాసుపై ప్రతిదినము తూచి వ్రాసికొనుట మంచిది. 120 గ్రాముల ప్రాణి 100 గ్రాములకు దిగినచో అది ఆఱవ వంతు నష్టము. అఱువది కిలోల మనుష్యుడు పది కిలోలు చిక్కినట్లు. మంచిరాత్రి, చెడురాత్రి అని రెండు వరుసలుగా గుర్తించినచో, చెడురాత్రులు మంచివానిని మించిన దినము తెలియును. వైద్యుని మాటయు ఆ పట్టికయు ఏకీభవించినపుడు నిర్ణయకాలము వచ్చినదని తలంపవచ్చును.

కర్మవాదము, పంజరము

"దాని కర్మను అది అనుభవించును, మన చేతికి పాపమేల?" అని ఇంటి పెద్దలు ఆక్షేపించుట కలదు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. జైనులు ముసలి పశువులకును, రోగపీడితములకును పింజరాపోలులు కట్టించి, చంపక, కడవఱకు పోషించిన సంప్రదాయము గౌరవింపదగినది. నొప్పి తెలియనీయక సహజమరణము దాక సాకగలిగినవారు అట్లే చేయవచ్చును. కాని "ప్రకృతికి విడుచుట" అను మాట పంజరమునకు చెల్లదు. పొలములో రోగియైన ఎలుక వారముల తరబడి యాతనపడుట అరుదు. గుడ్లగూబయో పామో త్వరలోనే దాని కథ ముగించును. ఆ శత్రువుల నుండి కాపాడినవారము మనమే. కాపాడుటవలన దాని ముసలితనము పొడిగినది, వ్యాధియు పొడిగినది. ఆ దీర్ఘవేదన ప్రకృతి ఇచ్చినది కాదు, మన రక్షణ ఇచ్చినది. కావున దాని భారము మనదే. పంజరము తలుపు వేసిననాడే మనము కర్తలమైతిమి. కడపటి దినమున సాక్షిమాత్రులమని చెప్పుకొనుట పొసగదు.

ధనము సంగతియు చెప్పవలెను. చికిత్సకగు వ్యయము ప్రాణిని కొన్న వెలకంటె ఎన్నియో రెట్లు కావచ్చును. వెల బాధకు కొలత కాదు. భరింపరాని శస్త్రచికిత్సను మానుకొనుట గృహస్థునికి దోషము కాదు. చికిత్సయు చేయింపక, బాధానివృత్తియు చేయింపక మూలను విడిచిపెట్టుటయే దోషము.

శాసనము

రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ తెచ్చిన ప్రతిపాదనయే పిమ్మట 1960 నాటి జంతుహింసా నివారణ శాసనమునకు దారి తీసినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆ శాసనమున జంతువనగా మనుష్యుడు గాక తక్కిన ఏ ప్రాణియైనను అని నిర్వచనము. హామ్‌స్టరు అందులో చేరినదే. 3వ విభాగము పోషకుని బాధ్యతను, 11వ విభాగము అనవసరమైన క్రూరత్వముతో చంపుటపై నిషేధమును చెప్పుచున్నవి. 13వ విభాగము బ్రతికియుంచుటయే క్రౌర్యమగు స్థితి యొకటి కలదని అంగీకరించి, న్యాయస్థానములు, అధికారులు అట్టి ప్రాణి విషయమున పాటింపవలసిన విధిని నిర్ణయించినది. 2014లో నాగరాజ వ్యాజ్యమున సుప్రీంకోర్టు బాధ, గాయము, రోగముల నుండి విముక్తిని జంతువుల పంచస్వేచ్ఛలలో ఒకటిగా గుర్తించినది. మనుష్యుల విషయమున 2018 నాటి తీర్పు కృత్రిమ ప్రాణాధారమును మానుటను మాత్రమే నియమబద్ధముగా అనుమతించినది. మందిచ్చి ప్రాణము తీయుటను కాదు. మనుష్యుడు తన ఇష్టమును ముందుగా వ్రాసియుంచగలడు. మూగప్రాణికి ఆ దారి లేదు.

విధానము

యలహంకవాసులకు పశువైద్య విద్య దూరము కాదు. దక్షిణముగా హెబ్బాళమున 1958లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల కలదు. యలహంకలోనే యున్న జాతీయ సంస్థ నివేది పశువ్యాధుల వ్యాప్తిని పరిశోధించునది. అది ఇంటి ప్రాణులకు ఆసుపత్రి కాదు. పశువైద్యులందఱును హామ్‌స్టరులను చూడరు గనుక, చిన్నప్రాణుల అనుభవము గల వైద్యుని పేరు ప్రాణి ఆరోగ్యముగా నున్నపుడే తెలిసికొనియుండుట మేలు.

వైద్యుడు మొదట మత్తువాయువుచే ప్రాణికి స్మృతి తప్పించును. అది నొప్పి తెలియని స్థితికి చేరిన పిమ్మటనే మందు ఎక్కించును. శ్వాసయు, గుండెయు నిలిచినవని నిర్ధారించి చెప్పును. "స్మృతి తప్పక మునుపు సూది వేయుదురా?" అని ముందుగా అడుగుట పోషకుని హక్కు. నీట ముంచుట, శీతలపెట్టెలో నుంచుట, నిద్రమాత్రలు పొడిచేసి పెట్టుట మున్నగు ఇంటిపద్ధతులు దయ పేర జరుగు క్రౌర్యములు. వానిని ఎన్నడును చేయరాదు. మందు శరీరమున నిలిచియుండును గనుక కుక్కలు, పక్షులు తినకుండ లోతుగా పాతిపెట్టవలెను, లేదా వైద్యశాలకే అప్పగింపవలెను.

పిల్లలకు ఏమని చెప్పవలెను? "నిద్రపుచ్చితిమి" అన్నచో పసివాడు తన నిద్రకే భయపడవచ్చును. "ఎక్కడికో పోయినది" అన్నచో వెదకుచుండును. వ్యాధి నయము కాలేదు, నొప్పి మిక్కిలియైనది, వైద్యుడు నొప్పి లేకుండ చనిపోవునట్లు చేసెను అని ఉన్నదున్నట్లు చెప్పుటయే క్షేమము. కోరిన పిల్లలను ముందుగా వీడ్కోలు చెప్పనీయవలెను. ఏడ్చినచో ఏడ్వనీయవలెను, నూఱు గ్రాముల ప్రాణికై ఏడ్చిన పిల్లవాడు పెద్దవాడై పెద్దబాధలను చూచి ముఖము త్రిప్పుకొనడు.

ఇంత విచారించినను నిర్ణయము సులభము కాదు, కారాదు కూడ. చికిత్స ముగిసినదా, అందఱు ఒప్పిరా, సేవకు మార్గము మిగిలినదా, ప్రాణి దేహము ఏమి చెప్పుచున్నది అను నాలుగు ప్రశ్నలకు నిజమైన ఉత్తరము దొరకినపుడు మిగులునది బ్రతుకా చావా యను సమస్య కాదు. బాధతో కూడిన చావా, బాధ లేని చావా యనునది మాత్రమే. ఆ రెండింటిలో ఒకదానిని కోరుకొను శక్తి ప్రాణికి లేదు. దానికి బదులుగా కోరి, ఆ భారమును తాను మోయుట పోషకుని కడపటి సేవ.