గోల కాదు... గోడు!

తలుపు మూసిన గది. లోపల్నుంచి కిటికీ అద్దాలు అదిరేలా గిటార్ల మోత. మధ్యమధ్యలో ఎవరో గొంతు చించుకుంటున్నట్టు కేకలు. హాల్లో పేపరు చదువుకుంటున్న నాన్నకి ఇక ఓపిక నశిస్తుంది.

'ఏమిట్రా ఆ గోల... కాస్త తగ్గించు!'

'గోల కాదు నాన్నా, పాట.'

'అందులో ఒక్క ముక్కయినా అర్థమవుతోందా నీకు?'

వాదన అక్కడితో ఆగిపోతుంది. శబ్దం తగ్గుతుంది. తలుపు మాత్రం తెరుచుకోదు.

హెవీ మెటల్ పుట్టి యాభయ్యేళ్లు దాటింది. ఇన్నేళ్లుగా ఎన్నో దేశాల్లో, ఎన్నో ఇళ్లలో ఇదే సంభాషణ. ఆ పొడవాటి జుట్లూ నల్లచొక్కాలూ పుర్రె బొమ్మలూ చూసి 'పిల్లాడు ఏమైపోతాడో' అని పెద్దలు కంగారుపడటంలో తప్పులేదు. కానీ ఆ సంగీతాన్ని ప్రాణంగా ప్రేమించే అభిమానిని కదిపి చూడండి... ఒక్కో పాట వెనకా ఉన్న కథ చెబుతాడు. ఏ వీడియో గొప్పదో, ఏది శుద్ధ దండగో మొహమాటం లేకుండా తేల్చేస్తాడు. అన్నీ విన్నాక అర్థమయ్యేది ఒకటే. ఆ అరుపుల్లో చాలావరకు ఎవరూ పట్టించుకోని మనుషుల గోడు!

తెగిన వేళ్లతో...

అభిమాని కథ మొదలుపెట్టేది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి. అదో కార్ఖానాల ఊరు. 1965లో అక్కడి రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే టోనీ అయోమీకి పదిహేడేళ్లు. ఆరోజే ఉద్యోగంలో ఆఖరి రోజు. గిటారు పట్టుకుని ఊళ్లు తిరగాలన్నది కుర్రాడి కల. సరిగ్గా అదేరోజు యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే, గిటారు తీగల్ని నొక్కిపెట్టాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ఇక సంగీతం మర్చిపొమ్మన్నారు డాక్టర్లు.

దిగులుగా కూర్చున్న కుర్రాడికి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఓ రికార్డు తెచ్చి వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు దెబ్బతిన్నా గిటారు వదలని జాంగో రైన్‌హార్ట్ వాయించిన రికార్డది. అంతే... టోనీకి పట్టుదల వచ్చింది. గిన్నెలు తోమే లిక్విడ్ సీసా ప్లాస్టిక్‌ని కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తెలియకుండా సన్నటి తీగలు బిగించాడు. తర్వాత్తర్వాత ఆ తీగల బిగువూ సడలించి శ్రుతి బాగా కిందికి దించాడు. దాంతో ఉరుములాంటి బరువైన నాదం పుట్టింది. 1970 ఫిబ్రవరి 13న అతని బృందం 'బ్లాక్ సబాత్' తొలి ఆల్బమ్ విడుదలైంది. హెవీ మెటల్‌కి అదే నాంది అంటారు ఎక్కువమంది.

ఆ పేరూ ఆ అట్టా చూసి 'దయ్యాల పాటలు' అన్నారు జనం. అదే ఏడాది వాళ్లు పాడిన 'వార్ పిగ్స్' వింటే మాత్రం సంగతి వేరేగా ఉంటుంది. సురక్షితంగా కూర్చుని యుద్ధాలు ప్రకటించే పెద్దల్నీ, వాళ్లకోసం ప్రాణాలు వదిలే పేదింటి కుర్రాళ్లనీ చూపించే పాట అది. అప్పటికి వియత్నాం యుద్ధం జరుగుతోంది మరి.

కళ్లు తడిపే 'వన్'

మెటల్ వీడియోల్లో ఒకే ఒక్కటి చూపించమంటే చాలామంది అభిమానులు ఎంచుకునేది మెటాలికా బృందం పాట 'వన్'. అప్పటికి నాలుగు ఆల్బమ్‌లు తెచ్చినా వాళ్లు ఒక్క పాటకీ వీడియో తీయలేదు. 1989లో వచ్చిన ఇదే మొదటిది. అందులో డాన్సుల్లేవు, రంగుల్లేవు. నలుపు తెలుపుల్లో నలుగురు వాయిస్తుంటారు. మధ్యమధ్యలో ఓ పాత సినిమా దృశ్యాలు.

ఆ సినిమా డాల్టన్ ట్రంబో తన నవల ఆధారంగా 1971లో తీసిన 'జానీ గాట్ హిజ్ గన్'. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన ఓ సైనికుడి కథ. కాళ్లూ చేతులూ పోయాయి. చూపు లేదు, వినికిడి లేదు, మాట లేదు. మెదడు మాత్రం చురుగ్గా పనిచేస్తోంది. ఆసుపత్రి మంచంమీద అతను తలని దిండుకేసి కొట్టుకుంటుంటే, మూర్ఛ కాబోలనుకుంటారు. అది టెలిగ్రాఫ్ భాష అనీ, తనకి విముక్తి ప్రసాదించమని వేడుకుంటున్నాడనీ ఎప్పటికోగానీ తెలియదు. పాట మెల్లగా, జోలపాటలా మొదలై చివరికి మరతుపాకీ మోతలాంటి డ్రమ్స్‌గా మారుతుంది. 'ఎందుకంత మోత?' అనడిగే వాళ్లకి ఈ వీడియోనే జవాబంటాడు అభిమాని. నోరు లేనివాడు లోపల్లోపల అరుస్తుంటే ఆ అరుపు వేణుగానంలా ఎలా ఉంటుంది? ఈ పాటకే 1990లో గ్రామీ అవార్డు వచ్చింది. తమ సంగీతానికి లోకం మర్యాద ఇచ్చిన రోజుల్లో అదొకటని అభిమానులకు గర్వం.

పాటకి నూరు... వీడియోకి సున్నా!

అలాగని అభిమాని అన్నిటికీ చప్పట్లు కొడతాడనుకుంటే పొరపాటు. ఐరన్ మెయిడెన్ బృందం 1982లో పాడిన 'రన్ టు ద హిల్స్' సంగతే తీసుకోండి. అమెరికా ఆదివాసుల్ని తెల్లవాళ్లు వేటాడిన చరిత్ర అది. మొదట బాధితుడి గొంతుతో, తర్వాత దాడిచేసిన సైనికుడి గొంతుతో సాగుతుంది. ఒకే పాటలో రెండు పక్షాలనీ నిలబెట్టడం గొప్ప ఆలోచన. తీరా వీడియో చూస్తే... మధ్యలో పాత మూకీ హాస్య చిత్రాల ముక్కలు! గుండె బరువెక్కాల్సిన చోట నవ్వు తెప్పిస్తే ఎలా అన్నది అభిమాని ఫిర్యాదు. అదే బృందం మరుసటి ఏడాది తెచ్చిన 'ద ట్రూపర్'కి మాత్రం మంచి మార్కులే పడతాయి. 1854లో క్రిమియా యుద్ధంలో తప్పుడు ఆదేశం వల్ల రష్యా ఫిరంగులకు ఎదురెళ్లిన బ్రిటిష్ ఆశ్వికుల కథ అది. ఆ సంఘటన మీదే 1936లో వచ్చిన సినిమా దృశ్యాలను వీడియోలో వాడుకున్నారు. గిటారు వింటుంటే గుర్రపు డెక్కల చప్పుడు విన్నట్టే ఉంటుంది.

ఇక 1980ల నాటి 'గ్లామ్ మెటల్' వీడియోల మాటెత్తితే నిజమైన అభిమానికి తలకొట్టేసినట్టవుతుంది. వైట్‌స్నేక్ బృందం 'హియర్ ఐ గో అగైన్' ఒంటరి బాటసారి పాట. 1987 నాటి వీడియోలో జనానికి గుర్తుండిపోయింది మాత్రం కార్ల బానెట్ల మీద అమ్మాయి పల్టీలే! ఆడవాళ్లని అలంకారానికి వాడుకున్న ఇలాంటి వీడియోలే తమ సంగీతానికి చెడ్డపేరు తెచ్చాయంటారు అభిమానులు. ఆ పెద్దల కోపంలో న్యాయముందని ఒప్పుకుంటారు కూడా.

నాన్నా... కొడుకూ... సెనేట్!

మొదట్లో చెప్పుకున్న తండ్రీకొడుకుల గొడవని అచ్చంగా తెరకెక్కించిన వీడియో కూడా ఉంది. ట్విస్టెడ్ సిస్టర్ బృందం 1984లో తీసిన 'వియ్ ఆర్ నాట్ గోనా టేక్ ఇట్'. గదిలో గిటారు వాయిస్తున్న కొడుకుని తండ్రి చెడామడా తిడతాడు. కొడుకు కాస్తా జులపాల గాయకుడిగా మారిపోతాడు. ఆ తర్వాత తండ్రి కిందపడటం, లేవడం, మళ్లీ పడటం... కార్టూన్ సినిమాలో పిల్లీ ఎలుకా వ్యవహారమే.

అది హాస్యమని అందరూ అనుకోలేదు. పాటల్లో హింస, అశ్లీలం పెరిగిపోతున్నాయంటూ అమెరికా నాయకుల భార్యలు కొందరు ఓ సంఘం పెట్టారు. అభ్యంతరకరమైన పాటలంటూ పదిహేనింటితో జాబితా తయారుచేస్తే అందులో ఇదీ ఉంది. 1985 సెప్టెంబరు 19న సెనేట్ కమిటీ విచారణ. రంగుల ముఖంతో కనిపించే గాయకుడు డీ స్నైడర్ జీన్స్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. తనకి పెళ్లయిందనీ మూడేళ్ల కొడుకున్నాడనీ మందూ సిగరెట్టూ ముట్టననీ చెప్పాడు. హింసని ప్రేరేపిస్తోందని ఆరోపణ ఎదుర్కొన్న తన మరో పాట 'అండర్ ద బ్లేడ్'... నిజానికి గొంతు ఆపరేషన్‌కి వెళ్తున్న తోటి కళాకారుడి భయం గురించి రాసిందని వివరించాడు. విన్నవాళ్లు తెల్లబోయారు. ఏదేమైనా, ఆ తర్వాత్నుంచే ఆల్బమ్‌ల మీద తల్లిదండ్రులకి హెచ్చరిక చీటీలు రావడం మొదలైంది.

బోనెక్కిన పాట

ఇంతకన్నా విషాదం నెవాడా రాష్ట్రంలో జరిగింది. 1985 డిసెంబరులో అక్కడ ఇద్దరు యువకులు ఆత్మహత్యకు ప్రయత్నించారు. ఒకరు అప్పుడే చనిపోయారు. రెండోవారు తీవ్రగాయాలతో బతికి, మూడేళ్ల తర్వాత కన్నుమూశారు. జుడాస్ ప్రీస్ట్ బృందం 1978 నాటి ఆల్బమ్‌లోని ఓ పాటలో చెవికి తెలియకుండా దూర్చిన రహస్య ఆదేశమే దీనికి కారణమంటూ కుటుంబాలు కోర్టుకెళ్లాయి. 1990లో విచారణ జరిగింది. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తమ రికార్డుల్నే వెనక్కి తిప్పి కోర్టులో వినిపించాడు. వెతికితే అర్థంపర్థంలేని తమాషా మాటలు ఎన్నయినా వినిపిస్తాయని నిరూపించడానికి! ఆ పాటలో వినపడినట్టున్న మాట ఊపిరి శబ్దమూ గిటారు శబ్దమూ కలిసి యాదృచ్ఛికంగా ఏర్పడిందేనని న్యాయమూర్తి తేల్చారు. కేసు కొట్టేశారు.

ఆ తీర్పుని అభిమానులు గెలుపుగా చెప్పుకోరు. రెండిళ్లలో ఎదిగిన కొడుకులు పోయాక గెలుపేమిటి? పాటని బోనులో నిలబెట్టినంత తేలిక కాదు- పిల్లాడి మనసులో ఏం జరుగుతోందో తెలుసుకోవడం. నవ్వుతూ తిరిగిన పిల్లాడు ఉన్నట్టుండి ముభావంగా మారిపోతే వెతకాల్సింది క్యాసెట్లో కాదు, పక్కన కూర్చుని అడగాలి. అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

మెటల్ ప్రపంచం మరీ కడిగిన ముత్యమా అంటే, కాదు. 1990ల తొలినాళ్లలో నార్వేలో బ్లాక్ మెటల్ వర్గానికి చెందిన కొందరు చర్చిలకు నిప్పుపెట్టారు, హత్యలూ చేశారు. వాటిని సమర్థించే ప్రసక్తే లేదంటాడు సగటు అభిమాని. శబ్దం సంగతీ అంతే. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిచ్‌ని చెవుల్లో ఆగని హోరు ఏళ్ల తరబడి వేధించింది. కాబట్టి 'కాస్త తగ్గించు' అన్న నాన్న మాట చెవులకి మంచిదే!

ఇక్కడా మోగింది

మనదేశంలో మెటల్ అభిమానులకి పండుగ రోజు 2007 మార్చి 17. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ కచేరీ. దేశం నలుమూలల నుంచీ నల్లచొక్కాలు తరలివచ్చాయి. 2011 అక్టోబరు 30న అదే ఊళ్లో మెటాలికా వాయించింది. వేలమంది చూపుడువేలూ చిటికెనవేలూ పైకెత్తి ఊగిపోవడం చూసినవాళ్లు అదేదో క్షుద్రపూజ అనుకుంటారు. అసలు సంగతేమిటంటే... దాన్ని ప్రచారంలోకి తెచ్చిన గాయకుడు రోనీ జేమ్స్ డియో అది ఇటలీ సంతతికి చెందిన తన నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఆవిడ అలా చేసేది దిష్టి తగలకుండా! మన ఇళ్లలో నాయనమ్మలు ఎర్రనీళ్లు తిప్పిపోసినట్టే.

దిల్లీకి చెందిన బ్లడీవుడ్ బృందం డోలు మోతనీ మెటల్ గిటార్లనీ కలిపి ప్రపంచాన్ని చుట్టేస్తోంది. కుంగుబాటు మీద వాళ్లు చేసిన 'జీ వీరే' పాట వీడియోతో పాటు అభిమానులకి ఉచితంగా కౌన్సెలింగ్ కూడా ఏర్పాటుచేశారు. ఒకప్పుడు ఏ సంగీతాన్ని ప్రాణాలు తీస్తోందన్నారో అదే సంగీతం ప్రాణం నిలబెట్టే ప్రయత్నం చేసిందన్నమాట. మన హైదరాబాద్‌కీ ఓ డెత్ మెటల్ బృందం ఉంది. పేరు గాడ్‌లెస్, మొదలైంది 2015లో. వినడానికి ఉత్త అరుపులా ఉంటుందిగానీ అలా గర్జించడానికీ సాధన కావాలి. లేకపోతే రెండు పాటలకే గొంతు పోతుంది.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబాత్ తొలినాటి నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. నిలబడే ఓపికలేని గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ సింహాసనం మీద కూర్చునే పాడాడు. పదిహేడు రోజులకి, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఒకప్పుడు పిల్లల్ని పాడుచేస్తాడని తిట్టించుకున్న మనిషి కోసం ఆ ఊరు వీధుల్లోకి వచ్చి కన్నీరు పెట్టుకుంది.

ఈసారి గదిలోంచి గిటార్ల మోత వినిపిస్తే నాన్న ఓ పని చేయొచ్చు. తలుపు తట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని 'ఏదీ, ఆ సైనికుడి పాట పెట్టు చూద్దాం' అనొచ్చు. పాట నచ్చకపోయినా నష్టం లేదు. తలుపు తెరుచుకుంటుంది... అది చాలు!