అంగిట్లో విత్తనం, చుట్టూ నేల

ముందే చెప్పేస్తున్నా. టెన్త్ తర్వాత బయాలజీకీ నాకూ మాటల్లేవు. ఇంటర్‌లో ఎంపీసీ, ఇప్పుడు సీఎస్ఈ. అయినా ఇది రాస్తున్నానంటే కారణం మా అమ్మమ్మ.

మాది శ్రీకాకుళం వైపు ఒక పల్లె. అక్కడ పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అడ్డపొగ అలవాటు ఉంది. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారన్నమాట. చిన్నప్పుడు అది నాకు మ్యాజిక్‌లా ఉండేది. కానీ ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ మన ఉత్తరాంధ్ర తీరంలో ఎక్కువని డాక్టర్లు దశాబ్దాల కిందటే రాశారు. అమ్మమ్మకీ అక్కడే వచ్చింది. ఆపరేషన్ చేశారు. "మార్జిన్లు క్లియర్" అన్నారు. అంటే కోసి తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని. అమ్మ గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టింది. రెండేళ్లకి పాత మచ్చ పక్కనే మళ్లీ పుండు.

మొత్తం తీసేశాక మళ్లీ ఎక్కణ్ణుంచి వచ్చింది? డిలీట్ చేసిన ఫైల్ రీస్టార్ట్ చేయగానే మళ్లీ కనపడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది నాకు.

సగం జవాబు 1953 నాటిది. స్లాటర్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన తోటివాళ్లు 783 మంది నోటి క్యాన్సర్ పేషెంట్ల నమూనాలు పరీక్షించారు. గడ్డ చుట్టూ మామూలుగా కనిపించే పొర కూడా అప్పటికే పాడై ఉందని తేల్చారు. పొగ తగిలింది ఒక్క చుక్కకి కాదు కదా, మొత్తం పొలానికి.

మిగతా సగం ఆ పైపొర కింద ఉంది. అక్కడ రక్తనాళాలు, కొల్లాజెన్ అనే పీచు, ఆ పీచుని నేసే ఫైబ్రోబ్లాస్టులు, వాటి మధ్య కొన్ని మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఉంటాయి. చిగుళ్లలో ఉంటాయి, ఎముక మజ్జలో ఉంటాయి. పంటి లోపలి గుజ్జులో కూడా ఉన్నాయని 2000లో కనిపెట్టారు. వీటి డ్యూటీ రిపేరు. బుగ్గ కొరుక్కుంటే వారంలో మానిపోతుంది కదా, అందులో వీటి చెయ్యి ఉంది. దెబ్బ తగిలిన చోటి నుంచి కెమికల్ సిగ్నల్ రాగానే అక్కడికి చేరతాయి. వాపు తగ్గిస్తాయి, కొత్త రక్తనాళాలు రప్పిస్తాయి, అవసరమైతే తామే ఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి. పని అయ్యాక సద్దుమణుగుతాయి.

గడ్డ కూడా అచ్చం అవే సిగ్నల్స్ పంపిస్తుంది. 1986లో డ్వొరాక్ అనే పాథాలజిస్టు, క్యాన్సర్ గడ్డలు మానని పుండ్ల లాంటివని అన్నాడు. అది చదివి కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను. మూలకణాలకి పాపం తేడా తెలీదు. పుండే అనుకుని వస్తాయి. గడ్డ వదిలే టీజీఎఫ్-బీటా లాంటి ప్రొటీన్ల ప్రభావంలో వాటిలో కొన్ని ఫైబ్రోబ్లాస్టులుగా మారి, గడ్డకి రక్తం తెప్పిస్తాయి, ఐఎల్-6 లాంటివి వదిలి దాన్ని పెంచుతాయి, చుట్టూ ఉన్న పీచుని కోసి దారి ఇస్తాయి. మన భాషలో చెప్పాలంటే ఇన్‌సైడర్ అటాక్. ఫైర్‌వాల్ ఏం చేస్తుంది, వచ్చింది మనవాడే అయితే? ఇలాంటి ఫైబ్రోబ్లాస్టులు గడ్డ చుట్టూ దండిగా ఉన్న నోటి క్యాన్సర్ పేషెంట్లకి ఫలితాలు అంత బాగోవని చాలా పరిశీలనల్లో తేలింది.

2007లో ఒక ప్రయోగం చేశారు. అది రొమ్ము క్యాన్సర్ మీద, నోటి మీద కాదు. అంతగా వ్యాపించని క్యాన్సర్ కణాల్ని మనిషి మూలకణాలతో కలిపి ఎలుకల్లో పెడితే, అవి ఊపిరితిత్తులకి పాకడం బాగా పెరిగింది. మూలకణాలు వదిలిన సీసీఎల్5 అనే ప్రొటీనే అందుకు కారణం. విచిత్రం ఏంటంటే, మూలకణాల నుంచి విడదీశాక ఆ క్యాన్సర్ కణాల దూకుడు తగ్గిపోయింది. అంటే బుద్ధి మారింది గానీ పుట్టుక మారలేదు. సహవాసదోషం అని మనవాళ్లు అనేది ఇదే కాబోలు!

అలాగని మూలకణాలన్నీ విలన్లు కావు. 2006లో కపోసి సార్కోమా అనే ఇంకో క్యాన్సర్ ఉన్న ఎలుకలకి ఇవే మూలకణాలు ఎక్కిస్తే గడ్డ పెరుగుదల తగ్గింది. ఏ గడ్డ, ఏ దశ, ఏ కణాలు అన్నదాన్ని బట్టి రిజల్ట్ మారిపోతోంది. అందుకే "వీటిని చంపేస్తే సరి" అనే మందు అంత ఈజీ కాదు.

వక్క సంగతి చెప్పకుండా ఆపలేను, ఎందుకంటే అది మన హాస్టల్ సంగతి. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లలో ఆ కింది నేలే ముందు చెడుతుంది. ఫైబ్రోబ్లాస్టులు ఆపకుండా కొల్లాజెన్ నేస్తూ పోతాయి, బుగ్గ లోపల తాళ్లలా గట్టిపడుతుంది, నోరు సరిగా తెరుచుకోదు, కారం తింటే మండుతుంది. ఇంకా క్యాన్సర్ కాదు, కానీ దానికి సిద్ధమైన పొలం.

చెక్ చేసుకోవడం తేలికే. మూడు వేళ్లు ఒకదానిమీద ఒకటి నిలువుగా పెట్టి, ముందు పళ్ల మధ్య పడతాయో లేదో చూడండి. నిన్న రాత్రి మా రూమ్మేట్‌తో "నోరు తెరువురా" అన్నాను. ఇంటర్ నుంచీ వాడి జేబులో వక్కపొడి ప్యాకెట్ ఉంటుంది. నవ్వుతూ పెట్టాడు. రెండు పట్టాయి. మూడోది పట్టలేదు. ఇంకోసారి ట్రై చేశాడు, ఈసారి నవ్వలేదు.

శనివారం పొద్దున్న ల్యాబ్ ఎగ్గొట్టి ఇద్దరం డెంటల్ హాస్పిటల్‌కి వెళ్తున్నాం.