కిలో రొయ్యల పెంకుతో ఎంత పొర?

కిలో వెనామీ రొయ్యలు ఇంటికి తెచ్చి, తలలు తుంచి, పెంకు వలిచి, ఆ వలిచినదంతా తూకం వేసి చూడండి. దగ్గర దగ్గర 400 గ్రాములుంటుంది. డబ్బు పెట్టి కొన్న బరువులో అయిదింట రెండు వంతులు చెత్తబుట్టలోకే పోతోందన్నమాట. ఇది ఒక వంటింటి లెక్క. 2023-24లో మన దేశం నుంచి ఎగుమతైన శీతలీకరించిన రొయ్యలు 7 లక్షల 16 వేల టన్నులు. దేశంలో సాగయ్యే రొయ్యల్లో సగానికి మించి ఆంధ్రప్రదేశ్ చెరువులవే. భీమవరం, కాకినాడ, నెల్లూరు వైపు ప్లాంట్లలో వేళ్లు తిమ్మిరెక్కే చల్లదనంలో నిలబడి ఆడవాళ్లు తుంచిన తలలు, వలిచిన పెంకులు గుట్టలు గుట్టలుగా పడుతుంటాయి. తిండిని నాలుగు రోజులు ఎక్కువ నిలిపే పొర ఆ గుట్టల్లోంచే తీయొచ్చు.

మన 400 గ్రాముల పెంకును బాగా ఎండబెడితే మిగిలేది సుమారు 100 గ్రాములు. అందులో కైటిన్ అనే పీచు పదార్థం అయిదో వంతు, అంటే 20 గ్రాములు అనుకుందాం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం పదార్థాన్ని, పలుచటి కాస్టిక్ సోడాతో మాంసకృత్తులను తీసేస్తే ఈ కైటిన్ మిగులుతుంది. దాన్ని మళ్లీ 40, 50 శాతం గాఢత ఉన్న కాస్టిక్ సోడాలో కాగబెడితే కైటోసాన్ అవుతుంది. చేతికొచ్చేది 15 గ్రాములు. ఇది మామూలు నీళ్లలో కరగదు. కాస్త వెనిగర్ పులుపు తగిలితే కరిగి గంజిలా చిక్కబడుతుంది. పెళుసుబారకుండా కొంచెం గ్లిజరిన్ కలిపి, పళ్లెంలో పలుచగా పోసి ఆరబెడితే, అంచు పట్టుకుని లేపగానే పారదర్శకమైన పొర ఊడివస్తుంది. 50 మైక్రాన్ల మందంలో చదరపు మీటరుకు 70 గ్రాములు పడుతుంది కాబట్టి, కిలో రొయ్యల పెంకుతో వచ్చేది అటూ ఇటూ అడుగున్నర ఉండే ఒక్క చతురస్రం. ఒక దస్తీ అంత!

ఆ దస్తీ ఊరికే కప్పి ఉంచదు, పని చేస్తుంది. పులుపులో కైటోసాన్‌కు ధనావేశం ఉంటుంది, బాక్టీరియా పైపొరకు రుణావేశం. రెండూ అతుక్కుంటే బాక్టీరియా పొర చిల్లులు పడి లోపలిది బయటికి కారిపోతుంది. లవంగ నూనె కలిపితే అందులోని యూజెనాల్ మరింత బలం ఇస్తుంది. అయితే కైటోసాన్ పొర తగిలిన చోటే పనిచేస్తుంది. ముక్క మధ్యలో ఏముందో దానికి పట్టదు.

ఇలాంటి పొరల గురించి చెప్పేటప్పుడు ‘90 శాతం బాక్టీరియాను చంపుతుంది’ అంటారు. ఆ అంకె దగ్గర కాసేపు ఆగాలి. చేప ముక్కలో గ్రాముకు 10 వేల బాక్టీరియా ఉన్నాయనుకుందాం. ఆ లెక్క కోటి దాకా చేరితే వాసన మొదలవుతుంది. 10 వేలు కోటి కావడానికి పది సార్లు రెట్టింపైతే చాలు. పొర 90 శాతాన్ని చంపితే 10 వేలు వెయ్యికి పడిపోతాయి. వెయ్యి మళ్లీ 10 వేలు కావడానికి మూడున్నర కంటే తక్కువ రెట్టింపులు, కచ్చితంగా చెప్పాలంటే 3.3 చాలు. పొర మనకు సంపాదించి పెట్టింది అంతే.

ఆ 3.3 ఎంతసేపన్నది మంచు చెబుతుంది. ఎండాకాలం బుట్టలో గంటకోసారి రెట్టింపైతే మనకు మిగిలింది మూడు గంటల 20 నిమిషాలు. మంచులో ఉంచిన చేపలో రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడ అదే పొర మూడు రోజులకు పైగా కలిపి ఇస్తుంది. కొన్ని పొరలు చంపడంతో ఆగక పెరుగుదల వేగాన్నీ తగ్గిస్తాయి, అప్పుడు లాభం ఇంకాస్త ఎక్కువ. ఏదైనా సరే, ఏ చల్లదనంలో కొలిచారో చెప్పని శాతాన్ని నేను లెక్కలోకి తీసుకోను. మంచు పెట్టె కొనాల్సిన డబ్బు పొర మీద పెట్టమని చేపలమ్మే ఆవిడకు ఎవరూ సలహా ఇవ్వకూడదు.

నాకు బాగా నచ్చింది మాత్రం పసుపు కలిపిన పొర. పసుపులో సున్నం కలపగానే పారాణి ఎర్రగా తిరగడం మన ఇళ్లలో అందరూ చూసిందే. సున్నంలోని క్షారానికి కర్క్యుమిన్ రంగు మారుతుంది. చేప పాడయ్యేటప్పుడు వెలువడే అమ్మోనియా, ట్రైమిథైలమైన్ ఆవిర్లూ క్షారాలే. పెట్టె మూతకు లోపలివైపు పసుపు పొర ముక్క అంటిస్తే, చేప చెడే కొద్దీ అది ఎరుపు వైపు తిరుగుతుంది. మూత తీసి వాసన చూడాల్సిన పని లేదు.

మట్టిలో కలిసిపోవడం సంగతికొస్తే, బజారులో కంపోస్టబుల్ అని వచ్చేవాటిలో చాలావాటిలో పీఎల్ఏ అనే ప్లాస్టిక్ ఉంటుంది. వాటికి పెట్టే పరీక్ష 58 డిగ్రీల వేడి కంపోస్టులో, 180 రోజుల్లో 90 శాతం విచ్ఛిన్నం కావాలని. మన మురుగు కాలవలో ఆ వేడి ఉండదు. కైటోసాన్‌కు అంత వేడి అక్కర్లేదు, దాన్ని తినే సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ తేమ తగిలితే ఇది ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి, తడి సరుకు కోసం వేరే ప్లాస్టిక్ మీద పూతగా వాడతారు. అప్పుడు మట్టిలో కలిసేది పై పూత, అడుగు పొర అలాగే ఉండిపోవచ్చు. అడగాల్సింది అడుగు పొర పేరు.

అసలు పొరగా కంటే పూతగానే దీనికి ఎక్కువ బరకత్తు. పొరగా చేస్తే దస్తీ అంతే వచ్చిన ఆ 15 గ్రాములు, ఒక శాతం ద్రావణంగా చేస్తే లీటరున్నర అవుతుంది. అందులో జామకాయలు ముంచి, తీసి, గాలికి ఆరబెడితే కంటికి కనిపించని తొక్క ఒకటి ఏర్పడి కాయ ఊపిరిని నెమ్మది చేస్తుంది, పండడం ఆలస్యమవుతుంది. 2015లో వచ్చిన ఐసీఏఆర్ అధ్యయనం ప్రకారం కోతలోనూ, ఆ తర్వాతా కలిపి జామలో పోయేది 15.88 శాతం, లెక్కించిన పంటల్లో అదే ఎక్కువ.

రొయ్య పెంకు పూత పూసిన జామకాయను శాకాహారులు తెలియక తినకూడదు. ఆ మాట పెట్టె మీద స్పష్టంగా ఉండాలి. వాళ్లకు వేరే దారీ ఉంది. 1811లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త హెన్రీ బ్రాకొనో కైటిన్‌ను మొట్టమొదట వేరుచేసింది రొయ్యల్లోంచి కాదు, పుట్టగొడుగుల్లోంచి.