89 నానోసెకన్లని కొలిచేదెలా?

అనంతపురం వాళ్ళకి ఫ్లోరైడ్ అంటే బోరు నీళ్ళు, గారపళ్ళు, వంగిపోయిన కాళ్ళు. న్యూక్లియర్ ఫిజిక్స్ వాళ్ళకి అదే ఫ్లోరిన్ కేంద్రకం ఒక మంచి పరికరం. ముందే ఒక మాట: మన నీళ్ళలో ఉండే ఫ్లోరిన్-19కి రేడియోధార్మికత లేదు. మనకి చేటు చేసేది దాని కెమిస్ట్రీ.

యాక్సిలరేటర్‌లో ప్రోటాన్లతో కొడితే ఈ కేంద్రకం 197 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మెట్టు ఎక్కి కూర్చుంటుంది. దీన్నే ఉత్తేజిత స్థితి అంటారు. కాసేపుండి, గామా కిరణం వదిలి దిగిపోతుంది. ఆ స్థితి అర్ధ జీవిత కాలం సుమారు 89 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో అంతలో దాదాపు 270 క్లాక్ సైకిల్స్ నడుస్తాయి, అంతే.

కొలవడానికి ప్రోటాన్లని విడతలు విడతలుగా వదులుతారు. విడత తగలగానే స్టార్ట్, డిటెక్టర్‌లో గామా పడగానే స్టాప్. మధ్యలో టైమ్ చెప్పేది ఒక కెపాసిటర్. ఒకే ధారగా వచ్చే కొళాయి కింద బిందె పెట్టామనుకోండి. స్టార్ట్‌కి తిప్పి, స్టాప్‌కి కట్టేస్తే, నీళ్ళ మట్టం చూసి ఎంతసేపు పట్టామో చెప్పొచ్చు. ఇక్కడ నీళ్ళ బదులు ఛార్జ్, మట్టం బదులు వోల్టేజ్.

అయితే ఒక్క కేంద్రకాన్ని చూస్తే ఏమీ తేలదు. ఒకటి వెంటనే దిగుతుంది, ఇంకొకటి ఆలస్యంగా. ఒక్క ఏడాది వాన చూసి మన జిల్లా వర్షపాతం ఇంత అని చెప్పలేం కదా! లక్షలసార్లు కొలిచి గ్రాఫ్ గీస్తే, ప్రతి 89 నానోసెకన్లకీ లెక్క సగానికి పడిపోతూ ఉంటుంది. ఆ వాలులోనే జవాబు ఉంది.

పికోసెకన్లలో దిగిపోయేవాటికి ఈ బిందె పనికిరాదు. అప్పుడు దూరం కొలుస్తారు. కాంతి వేగంలో నూరో వంతుతో ఎగిరే కేంద్రకం ఒక పికోసెకనులో 3 మైక్రోమీటర్లు పోతుంది. దారిలో రేకు పెట్టి ఆపుతారు. ఎగురుతూ వదిలిన గామా శక్తి, గుంతకల్లులో దాటిపోయే రైలు కూతలా మారుతుంది. ఆగాక వదిలింది మారదు. రేకుని జరుపుతూ ఈ రెండూ ఎన్నెన్ని వచ్చాయో లెక్కేస్తే ఆయుష్షు తెలుస్తుంది.

ఇంత కష్టం ఎందుకంటే, కేంద్రకం లోపల ప్రోటాన్లు, న్యూట్రాన్లు విడివిడిగా కదులుతున్నాయా, కలిసికట్టుగానా అన్నది ఆయుష్షే చెప్తుంది. ఫ్లోరిన్‌తో ఇంకో లాభం ఉంది. 89 నానోసెకన్లలో పక్క పరమాణువుల విద్యుత్ క్షేత్రం ఆ కేంద్రకం మీద తన గుర్తు వేస్తుంది. అది చదివి, ఘన పదార్థంలో ఫ్లోరిన్ ఎలాంటి చోట కూర్చుందో చెప్తారు. మన పెద్దవాళ్ళ ఎముకల్లో హైడ్రాక్సిల్ చోటు ఆక్రమించి కూర్చున్నదీ ఫ్లోరైడే కాబట్టి, ఈ ప్రశ్న మనకి పరాయిది కాదు.

ఈ సబ్జెక్టూ పరాయిది కాదు. 1950ల్లోనే స్వామి జ్ఞానానంద ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కి పునాది వేశారు. ఇందులో కెపాసిటర్ ఈసీఈ వాళ్ళది, రేకు మెకానికల్ వాళ్ళది, గ్రాఫ్‌కి గీత సరిపెట్టడం మా సీఎస్ఈ వాళ్ళది. ఎవరికైనా చోటుంది.