రూపాయి బిళ్లంత పిల్ల.. జానెడు చేప!

పచ్చని మొక్కల నడుమ ఠీవిగా కదిలే ఏంజెల్ చేప ఇంటి అక్వేరియానికే అందం. అయితే దుకాణంలో రూపాయి బిళ్లంత పిల్లలను చూసి ముచ్చటపడి, అడుగు ఎత్తు తొట్టిలో వదులుతున్నవారే అధికం. ఏడాది తిరిగేసరికి అవి రెక్కలతో కలిపి దాదాపు 8 అంగుళాల ఎత్తుకు ఎదుగుతాయి. ఇరుకు తొట్టిలో రెక్కలు వంకరపోయి, ఎదుగుదల కుంటుపడుతుంది. జంటకు కనీసం 18 అంగుళాల ఎత్తు, 100 లీటర్ల నీరు పట్టే తొట్టి అవసరం.

వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదుల పరీవాహక ప్రాంతం. మెల్లగా పారే నీటిలో కాడలు, వేళ్ల మధ్య దాగేందుకు అనువుగానే పలుచని దేహం, నిలువు నల్ల చారలు ఏర్పడ్డాయి. మొక్కలు లేని తొట్టిలో ఇవి బెదురుతూ ఉండటానికి కారణమిదే.

ఏది ఏ రకం?

శాస్త్రవేత్తలు గుర్తించినవి మూడే జాతులు. స్కేలేర్‌ను 1823లో, ఆల్టమ్‌ను 1903లో, లియోపోల్డైని 1963లో వర్ణించారు. మార్కెట్లో దొరికే నలుపు, బంగారు, పాలరాతి మచ్చల రకాలన్నీ దాదాపుగా స్కేలేర్ నుంచి పెంపకందారులు రూపొందించినవే. ఆల్టమ్‌కు మూతి, నుదురు కలిసేచోట లోతైన నొక్కు ఉంటుంది. స్కేలేర్‌లో అది స్వల్పం. లియోపోల్డైకి నొక్కు ఉండదు, వీపు రెక్క మొదట్లో నల్ల మచ్చ కనిపిస్తుంది. చిన్న పిల్లల్లో ఈ తేడాలు స్పష్టంగా తెలియవు. కనుక ఆల్టమ్ అంటూ ఎక్కువ ధర చెబితే ఎదిగిన చేపను పక్కనుంచి పరిశీలించాకే కొనాలి. పైగా దానికి 28 నుంచి 30 డిగ్రీల వేడి, మెత్తని ఆమ్లగుణపు నీరు కావాలి. మన బోరు నీటి కాఠిన్యాన్ని అది భరించలేదు. తొట్టెల్లో పుట్టి పెరిగిన స్కేలేర్‌కు 25 నుంచి 28 డిగ్రీలు చాలు. ఒక మోస్తరు కఠిన జలానికీ అది అలవాటు పడుతుంది.

పిల్లలను చూపి ‘ఆడ, మగ జత’ అని అమ్మేవారి మాట నమ్మదగినది కాదు. గుడ్లు పెట్టే దశ వరకు లింగభేదం తెలియదు. పెద్ద తొట్టి ఉన్నవారు ఆరు పిల్లలను కలిపి పెంచితే అవే జత కడతాయి.

తొలి నెలే గండం

కొత్త తొట్టిలో వరుసగా చేపలు చనిపోతే దిష్టి తగిలిందనుకునేవారూ ఉన్నారు. అసలు దోషం అమ్మోనియాది. చేపల విసర్జితాలు, మిగిలిన మేత నుంచి పుట్టే ఈ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పీహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో దాని తీవ్రత మరింత అధికం. అందువల్ల మొదట మొక్కలు నాటి, ఫిల్టర్ నడిపి, నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ లేవని తేలాకే చేపలను వదలాలి. తర్వాత వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు ఆ సూక్ష్మజీవులు నశిస్తాయి. తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి.

అమెజాన్ స్వోర్డ్, వాలిస్నేరియా మొక్కలను వెనుక వరుసలో నాటి, ముందు ఈదేందుకు చోటు విడవాలి. జావా ఫెర్న్ దుంపను ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది, చెక్కకు కట్టాలి. రోజుకు 8 గంటల వెలుతురు సరిపోతుంది.

నియాన్ టెట్రాలను ఎదిగిన ఏంజెల్ మింగేస్తుంది. టైగర్ బార్బులు దాని రెక్కలనే కొరుకుతాయి. గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీరు కావాలి, పైగా మొక్కలను పెకలిస్తుంది. వీటిని కలపరాదు.

జత కుదిరితే వెడల్పాటి స్వోర్డ్ ఆకుపై గుడ్లు పెట్టి, రెండూ కాపలా కాస్తాయి. రెండు మూడు రోజుల్లో అవి పొదుగుతాయి. తొలి కాన్పుల్లో తల్లిదండ్రులే గుడ్లను తినేయడం మామూలే. రెండు మూడు విడతల తర్వాత చాలా జంటలు కుదుటపడతాయి.