పొగ పట్టిస్తే ఒళ్లు గట్టిపడదు

ఉబ్బసం పిల్లలున్న ఇళ్లలో ఒక మాట తిరుగుతోంది: "పొగా దుమ్మూ అలవాటు చేయండి, ఇమ్యూనిటీ దానంతటదే వస్తుంది. ఇన్‌హేలర్ పెడితే ఉన్న శక్తి కూడా పోతుంది." మా వీధిలో ఒకావిడ ఇది నమ్మి ఏడేళ్ల కూతురికి రోజువారీ ఇన్‌హేలర్ మానేయించింది. భోగినాడు టైర్లు కాలుతున్న మంట పక్కనే కూర్చోబెట్టింది. ఆ రాత్రే పిల్లను ఎమర్జెన్సీకి ఎత్తుకెళ్లాం. అందుకే ఈ మాటను ఊరికే వదిలిపెట్టలేను.

దీన్ని నమ్మేవాళ్లు చూపించే ఆధారం ఒకటుంది: "రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగాయి కదా!" పెరుగుతాయి, నిజమే. ఎందుకు పెరుగుతాయో అడగరేం? వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే పీఎం 2.5 నుసి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా దిగుతుంది. అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగుతాయి. బ్యాక్టీరియానైతే అరిగించుకోగలవు, మసిని అరిగించుకోలేవు. ఆ ఇబ్బందిలో ఐఎల్-6 వంటి సంకేతాలను రక్తంలోకి వదులుతాయి. అవి అందుకున్న ఎముక మజ్జ ఇంకా ఎదగని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలను కూడా బయటికి తోసేస్తుంది. 1997లో ఇండోనేషియా అడవులు తగలబడి సింగపూర్‌ను పొగ కమ్మినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న యువ సైనికుల రక్తంలో కనిపించింది ఇదే. పొగ ఉన్న రోజుల్లో పసి న్యూట్రోఫిల్స్ పెరిగాయి, పొగ పోయాక తగ్గాయి. పాలు పట్టని కంకిని కోసుకొచ్చి పంట పెరిగిందనుకుంటామా?

మసి మింగిన కణాల గతి కూడా తెలిసింది. 2022లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 84 మంది అవయవదాతల కణజాలాన్ని పరిశీలించారు. వయసు పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల దగ్గరి లింఫు గ్రంథుల్లో మసి పేరుకుంది. మసి నిండిన మాక్రోఫేజ్‌లు క్రిములను మింగడంలోనూ, మిగతా కణాలను పిలవడంలోనూ వెనకబడ్డాయి. కాలిఫోర్నియాలో గాలి బాగా చెడ్డ ఫ్రెస్నో పిల్లలను పాలో ఆల్టో పిల్లలతో పోల్చిన 2010 నాటి అధ్యయనంలో, ఉబ్బసం ఉన్న ఫ్రెస్నో పిల్లల్లో రెగ్యులేటరీ టి కణాల పని మందగించింది. మిగతా రక్షక కణాలు రెచ్చిపోకుండా పట్టి ఉంచేవి ఇవే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. దుమ్ములన్నీ ఒకటి కావు. అమెరికాలో పశువుల కొట్టాన్ని అంటిపెట్టుకుని పెరిగే ఆమిష్ పిల్లలకు, యంత్రాలతో పెద్ద సేద్యం చేసే హటరైట్ల పిల్లల కంటే ఉబ్బసం చాలా తక్కువని 2016లో తేలింది. కొట్టం దుమ్ములోని సూక్ష్మజీవుల అంశ అందుకు కారణం కావచ్చు. "పిల్లాణ్ణి మట్టిలో ఆడనివ్వండే" అన్న నానమ్మ మాటను కొట్టిపారేయలేను. కానీ డీజిల్ పొగ కొట్టం దుమ్ము కాదు, టైరు మసి అసలే కాదు.

బెల్లం తింటే ఊపిరితిత్తులు కడిగినట్టవుతాయన్నది అబద్ధం, బెల్లం పోయేది పొట్టలోకి. చేతిరుమాలు పీఎం 2.5 నుసిని ఆపలేదు. మన దేశపు పరిమితి లోపల ఉన్నాం కాబట్టి ఫర్వాలేదనుకోవద్దు: పీఎం 2.5 ఏడాది సగటుకు మన హద్దు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5.

డాక్టరు చెప్పకుండా ఇన్‌హేలర్ ఆపకండి. పొగ రోజుల్లో బయటికి వెళ్లక తప్పకపోతే, ముఖానికి సందు లేకుండా అతుక్కునే ఎన్95 పెట్టుకోండి. భోగి మంటలో టైర్లూ ప్లాస్టిక్కూ వేయకండి. పిడకల పొగ కూడా పొగే, ఆయాసం ఉన్న పిల్లల్ని దానికి దూరంగా ఉంచండి. మా వీధి పిల్ల ఇప్పుడు ఇన్‌హేలర్ రోజూ వాడుతోంది, వాళ్లమ్మే గుర్తుపెట్టుకుని ఇస్తోంది.