ల్యాప్‌టాప్‌లో జ్ఞాపకమును పెంచుకొనుట

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోను, తార్నాక, ముషీరాబాదుల అద్దె గదులలోను ఉండి చదువుకొను విద్యార్థులలో ఎందరికో ల్యాప్‌టాప్ యంత్రమే వ్రాతబల్ల, గ్రంథాలయము, ప్రయోగశాల. ఇంటివారు కష్టపడి కొనియిచ్చిన ఆ యంత్రము నాలుగైదు ఏండ్లు గడచుసరికి నత్తనడక నడచును. ప్రాజెక్టు నివేదిక, ఒక వీడియో పాఠము, పది వెబ్ పుటలు ఒకేసారి తెరచినచో మీట నొక్కిన ఎంతసేపటికో గాని అక్షరము కనబడదు. “పాతబడినది, క్రొత్తది కొనుడు” అను సలహా మాత్రము వెంటనే దొరకును. కాని అనేక సందర్భములలో ఆ యంత్రమునకు కావలసినది చిటికెనవ్రేలి పొడవున్న ఒక పలక మాత్రమే. దానిని అమర్చుట అరగంట పని, సొంతదారుడే చేసికొనవచ్చును. ఐతే అన్ని యంత్రములలోను ఇది సాధ్యము కాదు. ఎందులో సాధ్యమో ముందుగా తెలిసికొననిచో డబ్బు వృథా యగును.

మనము ర్యామ్ అని పిలుచు ఈ జ్ఞాపకమునకును, ఫైళ్ళు దాచుకొను డిస్కునకును భేదము కలదు. డిస్కు బీరువా వంటిది, ర్యామ్ చదువుకొను బల్ల వంటిది. బల్లపై నున్న పుస్తకములనే చదువగలము. బల్ల చిన్నదైనచో ఒక పుస్తకమును బీరువాలో పెట్టి మరొకదానిని తెచ్చుకొనవలెను. యంత్రము చేయుచున్నది అదే. జ్ఞాపకములో చోటు చాలనప్పుడు కొంత సమాచారమును డిస్కుపై పడవేసి, మరల కావలసినప్పుడు తెచ్చుకొనును.

ఆ తెచ్చుకొనుటకు పట్టు కాలమును గమనింపుడు. ర్యామ్ నుండి సమాచారము సుమారు 100 నానోసెకండ్లలో వచ్చును. తిరుగు పళ్ళెములు గల పాత హార్డు డిస్కునకు సుమారు 10 మిల్లీసెకండ్లు పట్టును. అనగా లక్ష రెట్లు. మొదటిదానిని ఒక సెకండుగా భావించినచో రెండవది 27 గంటలకు పైగా అగును. కదలు భాగములు లేని నేటి ఎస్‌.ఎస్‌.డి. డిస్కులకు ఇదే లెక్కన పావుగంట పైచిలుకు చాలును. అందువలన హార్డు డిస్కుతోనే నడచుచున్న పాత యంత్రమునకు మొదట చేయదగిన ఉపకారము ర్యామ్ పెంచుట కాదు, డిస్కు మార్చుట. ఈ సంగతి చెప్పకుండ ర్యామ్ అమ్ముట మంచి వ్యాపారము కాదని నా అభిప్రాయము.

ఈ పలకలో ఉన్నదేమి? హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. ఆ తరము యంత్రములలో జ్ఞాపకమనగా సన్నని తీగలకు గ్రుచ్చిన ఫెర్రైటు ఉంగరముల అల్లిక. ఒక్కొక్క ఉంగరము ఒక్క బిట్‌ను, అనగా ఒక సున్నను గాని ఒక ఒకటిని గాని, అయస్కాంత రూపమున నిలుపుకొనెడిది. ఇంతలో 1966లో అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధకుడు రాబర్టు డెన్నార్డు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలునని యోచించెను. కెపాసిటరులో విద్యుదావేశమున్నచో ఒకటి, లేనిచో సున్న. 1970లో వచ్చిన ఇంటెల్ 1103 చిప్పు 1,024 బిట్లను పట్టుకొనెను. నేటి 8 జి.బి. పలకలో సుమారు 6,872 కోట్ల బిట్లు గలవు. ఆ పాత చిప్పులతో దీనిని నిర్మింపవలెనన్నచో 6 కోట్ల 71 లక్షల చిప్పులు కావలసివచ్చును.

ఇంత చిన్న కెపాసిటరు చిల్లికుండ వంటిది. దానిలోని ఆవేశము కారిపోవుచుండును. కావున సాధారణముగా ప్రతి 64 మిల్లీసెకండ్లలోపల యంత్రము బిట్లన్నిటిని ఒకసారి చదివి తిరిగి నింపుచుండును. విద్యుత్తు ఆగినచో అందున్నది తుడిచిపెట్టుకొని పోవును. పలక మార్చినంత మాత్రమున మీ ఫైళ్ళు పోవు. అవి డిస్కులో భద్రముగా ఉండును. అయినను పని ప్రారంభించుటకు ముందు వాటి నకలు తీసికొనుట మేలు.

ఇక పరీక్ష. విండోస్ యంత్రములో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. మీరు రోజూ చేయు పనులన్నియు తెరచి ఉంచి, అందు మెమరీ భాగమును చూడుడు. వినియోగము నూటికి 85, 90 వంతులకు చేరుచున్నచో పెంచుట వలన లాభము కలదు. సగము ఖాళీగా ఉన్నచో ఎంత పెంచినను వేగము పెరుగదు. అక్కడనే ఎన్ని స్లాట్లున్నవో, ఎన్ని నిండినవో సాధారణముగా కనబడును. ‘ఫారమ్ ఫ్యాక్టర్’ వద్ద ‘ఎస్‌.ఓ.డిమ్’ అని ఉన్నచో పలక ఊడదీయదగినది. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉన్నచో చిప్పులు మదర్‌బోర్డుకే టంకము వేయబడినవని అర్థము. పలుచని యంత్రములు అనేకము ఇట్టివే. 2012 నాటి రెటినా తెర మ్యాక్‌బుక్ ప్రోలోను ఆపిల్ సంస్థ ఈ మార్గమునే పట్టినది. కొనునప్పుడే ఈ ప్రశ్న అడుగుట విద్యార్థికి ఎంతో అవసరము.

పలకలలో తరములు గలవు. డి.డి.ఆర్‌.3 పలకకు 204 కాళ్ళు, డి.డి.ఆర్‌.4కు 260, డి.డి.ఆర్‌.5కు 262. అంచున ఉండు గాడి స్థానము వేరగుటచే ఒక తరము పలక మరొక తరము స్లాటులో పట్టదు. ఒక్కచోట మాత్రము మోసపోవుదురు. డి.డి.ఆర్‌.3 పలక 1.5 వోల్టులతో, డి.డి.ఆర్‌.3ఎల్ పలక 1.35 వోల్టులతో పనిచేయును. రెంటికి గాడి ఒక్కటే. తక్కువ వోల్టేజికి మాత్రమే తయారైన యంత్రములో మొదటిది చక్కగా దూరును గాని పనిచేయదు. కావున పాత పలకపై నున్న చీటీని ఫోటో తీసి, సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటరు దుకాణములకు పోయినప్పుడు చూపుట మంచిది. మీ యంత్రము గరిష్ఠముగా ఎంత జ్ఞాపకమును స్వీకరించునో తయారీదారు పుస్తకములో చూడుడు. వేర్వేరు వేగముల పలకలు కలిపినచో రెండును సాధారణముగా తక్కువ వేగముతోనే నడచును. రెండు సమానమైన పలకలున్నచో ప్రాసెసరు రెండు దారుల వెంట సమాచారమును తెచ్చుకొనగలదు.

దువ్వెనను తలకు రుద్ది కాగితపు ముక్కలను ఆకర్షించు ప్రయోగము మీకు తెలిసినదే. ఆ స్థిర విద్యుత్తే ఇక్కడ శత్రువు. వ్రేలికి చురుక్కుమని తగులవలెనన్నచో సుమారు 3,000 వోల్టులు కావలెను. అంతకు చాల తక్కువతోనే, మనకు తెలియకుండగనే, చిప్పు చెడవచ్చును. గాలి పొడిగా నుండు వేసవిలో మరింత జాగ్రత్త అవసరము. ఎర్తు చేయబడిన లోహమును మధ్య మధ్య ముట్టుకొనుచుండవలెను. కుళాయిని ముట్టుకొనుమని కొందరందురు. నేటి ఇండ్లలో గొట్టములు ప్లాస్టిక్కువి, వాటితో ప్రయోజనము లేదు.

యంత్రమును నిద్రపుచ్చుట చాలదు, పూర్తిగా ఆపవలెను; నిద్రలో నున్నప్పుడును ర్యామ్‌కు విద్యుత్తు అందుచునే ఉండును. ఛార్జరును తీసి, యంత్రమును బోర్లించి మరలు విప్పుడు. మరల పొడవులు వేరుగా ఉండవచ్చును. కాగితముపై యంత్రపు ఆకారము గీసి, ఏ మరను అక్కడనే గ్రుచ్చి ఉంచుడు. పొట్టి మర చోట పొడుగు మర బిగించినచో లోపలి భాగములు దెబ్బతినును. మూతను పాత ఏ.టి.ఎం. కార్డుతో మెల్లగా లేపి, మొట్టమొదట బ్యాటరీ తీగను విడదీయవలెను. పిమ్మట పవర్ మీటను పది సెకండ్లు నొక్కి ఉంచినచో మిగిలిన ఆవేశము పోవును. పలకకు ఇరువైపుల నున్న కొక్కెములను ప్రక్కకు జరిపినచో అది తనంతట తాను ఏటవాలుగా లేచును. క్రొత్తదానిని బంగారు పూత తగులకుండ అంచులతో పట్టుకొని, గాడి కలిపి, అదే వాలున లోనికి నెట్టుడు. పూత దాదాపు కనబడకుండ పోయిన తరువాత క్రిందికి అదిమినచో కొక్కెములు టక్కున పట్టుకొనును.

బ్యాటరీ తీగను తిరిగి తగిలించి, మూత బిగించి, మొదటిసారి నడిపినప్పుడు తెర కొంతసేపు నల్లగా ఉండవచ్చును. యంత్రము క్రొత్త జ్ఞాపకమును పరీక్షించుకొనుచున్నది, తొందరపడకుడు. నిమిషములు గడచినను వెలుగు రానిచో మరల ఆపి, బ్యాటరీ తీగ తీసి, పలకను మరొకసారి గట్టిగా అమర్చుడు. సాధారణముగా దోషమక్కడనే ఉండును. తరువాత ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ పరీక్షను ఒక రాత్రి నడుపుట మంచిది. చెడు పలక వెంటనే పట్టుబడదు. పరీక్షల ముందు వ్రాసిన ఫైలును పాడుచేసి గాని తెలియదు.

తీసివేసిన పాత పలకను పారవేయకుడు. ఉపాధ్యాయులు దానిని తరగతిలో భూతద్దముతో చూపవచ్చును. డి.డి.ఆర్‌.4 పలకపై తరచుగా 8 నల్లని చిప్పులుండును. ఒక్కొక్కటి 8 దారుల వంతున అందించగా ఒకేసారి 64 బిట్లు ప్రాసెసరునకు చేరును. కొన్నిటిపై నాలుగే ఉండును, అప్పుడు ఒక్కొక్కదానికి 16 దారులు. లెక్క సరిపోవునో లేదో పిల్లలచేతనే లెక్కింపజేయుడు.